తలకు దెబ్బ తగిలి 5 నెలలు. సీటీ స్కాన్ నార్మల్, తలనొప్పి మాత్రం పోలేదు. ఎంఆర్ఐ తీయించాలా?

మండపేట టీచర్

అందరికీ నమస్కారమండి. నేను మండపేట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. వయసు 36. ఇలాంటిది అనుభవించినవాళ్లు ఎవరైనా ఉంటారేమోనని రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈ ఏడాది కనుమ రోజు సాయంత్రం రామచంద్రపురంలో మా అమ్మావాళ్లింటి నుంచి తమ్ముడి బండి మీద వస్తున్నాను. కనుమ నాడు కాకైనా కదలదంటారు. కానీ మర్నాడు పొద్దున్నే మావారికి డ్యూటీ ఉందని బయల్దేరాను. ఊరు దాటాక రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్ ఒకటి చీకట్లో తమ్ముడికి కనపడలేదు. నేను వెనక ఒక పక్కకి తిరిగి కూర్చున్నాను. ఒళ్లో అరిసెల డబ్బా ఉంది, పట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. వెనక్కి పడిపోయాను. తల రోడ్డుకి తగిలింది. హెల్మెట్ తమ్ముడికి ఉంది, నాకు లేదు.

పడటం గుర్తుంది. ఆ తర్వాత పది నిమిషాలు అసలు గుర్తులేవు. "అరిసెల డబ్బా ఏదిరా" అని తమ్ముణ్ని నాలుగైదుసార్లు అడిగానట. ఒకసారి వాంతయింది. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తల వెనక మూడు కుట్లు వేశారు, సీటీ తీశారు. రక్తం గడ్డకట్టలేదు, ఎముక విరగలేదు, నార్మల్ అన్నారు. ఆ రాత్రి ఉంచుకుని మర్నాడు పంపించేశారు.

తలనొప్పి ఆ మర్నాడే మొదలైంది. కుట్ల నొప్పిలే అనుకున్నాను. కుట్లు తీసేశారు, నొప్పి పోలేదు. మెడ వెనక నుంచి మొదలై కుడి కణతలోకి వచ్చి అక్కడ కొట్టుకుంటుంది. ఎండలోకి వెళ్తే ఎక్కువవుతుంది. పిల్లలు ఎక్కాలు గట్టిగా చదువుతుంటే తట్టుకోలేకపోతున్నాను. పదిహేనేళ్లుగా ఆ ధ్వని మధ్యే బతికినదాన్ని, ఇప్పుడు అది మొదలవగానే వరండాలోకి వచ్చేస్తున్నాను. మార్చిలో రెండుసార్లు హాజరు పట్టీలో పేర్లు తప్పు చదివాను. నెలలో 20 రోజులకు పైనే నొప్పి. మెడికల్ షాపులో పారాసెటమాల్, కెఫీన్ కలిసిన మాత్ర ఇస్తే అదే వేసుకుంటున్నాను, రోజుకి ఒకటి, ఒక్కోరోజు రెండు.

ఏప్రిల్‌లో మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. పాత సీటీ ఫిల్మ్ లైట్‌కి పెట్టి చూసి, "అమ్మా, ఇందులో ఏమీ లేదు. టెన్షన్ తగ్గించుకోండి, మనసులో పెట్టుకోకండి" అన్నారు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాం. అప్పటినుంచి ఇంట్లో కూడా మాట మారింది. మావారు పైకి ఏమీ అనరు గానీ, నేను పడుకుంటే "స్కాన్‌లో ఏం లేదన్నారుగా" అని ఒకసారి అన్నారు. అత్తగారు కనుమ నాడు కదిలినందుకేనంటూ దిష్టి తీయించారు. నాకే అనుమానం వచ్చేస్తోందండి, నిజంగా నాకు నొప్పి ఉందా లేక నేనే తెచ్చుకుంటున్నానా అని.

పక్క స్కూల్ మాస్టారు ఎంఆర్ఐ తీయించండి, అందులో అన్నీ కనపడతాయి అంటున్నారు. 7 వేలు అవుతుందన్నారు. డీటీఐ అని ఇంకో స్కాన్ ఉందని, అది తీస్తే దెబ్బ బయటపడుతుందని ఒక వీడియోలో చూశాను. నేను అడిగేది రెండు విషయాలు. సీటీ నార్మల్ అయితే నొప్పి ఎందుకు ఉంటుంది? ఎంఆర్ఐలో నా నొప్పి కనపడుతుందా? ఈ నెల 12న బడులు తెరుస్తారు. తలచుకుంటేనే భయంగా ఉంది.

కరీంనగర్ స్పేర్ పార్ట్స్

అక్కా, మీరు రాసింది చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్టుంది. నాకు ఆటో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. రెండేళ్ల కింద షాపు షట్టర్ దించుతుంటే సగంలో పట్టు జారి నడినెత్తి మీద పడింది. స్పృహ పోలేదు, కళ్లు బైర్లు కమ్మినయి అంతే. సీటీ నార్మల్. నాలుగు నెలలు తలనొప్పి.

నేను ఆగలేక ఏ డాక్టరూ రాయకముందే ఎంఆర్ఐ తీయించిన. రిపోర్టులో "తెల్ల పదార్థంలో అక్కడక్కడ చిన్న మచ్చలు" అని ఉంది. తెల్ల పదార్థం అంటే మెదడులో నరాల పోగులు ఉండే భాగమట. ఆ ఒక్క లైను నన్ను తలనొప్పి కంటే ఎక్కువ తిన్నది. రాత్రంతా ఫోన్‌లో వెతుకుడే. పక్షవాతం అని ఒకచోట, ఇంకేదో పెద్ద జబ్బు అని ఇంకోచోట. షాపు మూసి నెల రోజులు ఇంట్లోనే కూర్చున్న. నా భార్య ఏడ్వని రోజు లేదు. చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు చూసి, "ఇవి మీ వయసులో, బీపీ ఉన్నవాళ్లలో, మైగ్రేన్ ఉన్నవాళ్లలో మామూలుగా కనపడేవే, దెబ్బతో సంబంధం ఉందని చెప్పలేం" అన్నడు. బీపీ చూస్తే 150 దాటి ఉంది, అది అప్పటిదాకా నాకు తెల్వదు. బీపీకి మందు ఇచ్చి, తలనొప్పికి వేరే మందు ఇచ్చిండు. ఆరు నెలలకు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, పొద్దంతా ఎండకు తిరిగితే వస్తది.

తీయించొద్దని చెప్తలేను అక్కా. ముందు డాక్టర్‌కు చూపించుకొని, ఎందుకోసం తీస్తున్నరో తెలుసుకొని తీయించండి. రిపోర్టు కవరు చింపి ఒంటరిగా చదవకండి. నేను చేసిన తప్పు అదే.

స్కాన్ రూమ్, విశాఖ

టీచర్ గారూ, నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని, 14 ఏళ్లుగా ఇదే పని. డాక్టర్ని కాను కాబట్టి తీయించుకోండి, వద్దు అని తేల్చి చెప్పలేను. ఏ స్కాన్ ఏం చూస్తుందో, ఏం చూడలేదో మాత్రం రోజూ చూస్తున్నాను. మీలాంటివాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా మా దగ్గరికి వస్తారు. స్కాన్ అయ్యాక బల్ల మీద నుంచి దిగుతూ అందరూ అడిగేది ఒకటే, "ఏమైనా కనపడిందా బాబూ?" ఏమీ లేదంటే సంతోషించాలి కదా. చాలామంది మొహం వాడిపోతుంది. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత తెలిసింది, వాళ్ల నొప్పికి సాక్షి కావాలి. అది దొరకలేదని వాళ్ల బాధ.

ముందు సీటీ గురించి. అది ఎక్స్‌రేనే, తల చుట్టూ తిరుగుతూ పలచని పొరలు పొరలుగా తీస్తుంది. అప్పుడే కారిన రక్తం అందులో తెల్లగా కనపడుతుంది. ఎముక చీలిక కనపడుతుంది. కనుమ రాత్రి ఆ డాక్టర్ల ముందున్న ప్రశ్న, ఈమెకు ఇప్పటికిప్పుడు ఆపరేషన్ కావాలా అన్నది. దానికి సీటీయే సరైన పరీక్ష, నిమిషాల్లో అయిపోతుంది. నార్మల్ అంటే ఆ ప్రశ్నకు "అక్కర్లేదు" అని జవాబు వచ్చింది. నొప్పి ఎందుకు వస్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది అన్నవి ఆ రాత్రి ఎవరూ అడగలేదు, సీటీ చెప్పగలిగినవీ కావు. ఏప్రిల్‌లో అదే ఫిల్మ్ మళ్లీ లైట్‌కి పెట్టి చూస్తే కొత్తగా ఏం తెలుస్తుంది?

ఎంఆర్ఐలో ఎక్స్‌రే లేదు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు, ఒంట్లోని నీళ్లలో ఉండే హైడ్రోజన్ నుంచి వచ్చే సంకేతం. మెదడు మెత్తటి భాగాలు సీటీ కంటే చాలా వివరంగా కనపడతాయి. ఇందులో ఎస్‌డబ్ల్యూఐ అనే సీక్వెన్స్, అంటే బొమ్మ తీసే ఒక పద్ధతి, ఒకటుంది. ఎప్పుడో చిట్లిన సన్న రక్తనాళం దగ్గర మిగిలిపోయిన ఐరన్ మరకని అది నల్ల చుక్కలా చూపిస్తుంది. నెలలు గడిచినా, ఒక్కోసారి ఏళ్లు గడిచినా ఆ చుక్క ఉంటుంది. మీరు తీయించుకునేట్టయితే ఆ సీక్వెన్స్ కూడా ఉందా అని ముందే అడగండి. తలనొప్పి అని మాత్రమే రాసిస్తే కొన్నిచోట్ల మామూలు ప్యాకేజీ తీసి పంపేస్తారు. చీటీ మీద "తలకు గాయం, ఫలానా నెలలో, స్పృహ తప్పింది లేదా మరపు వచ్చింది" అని డాక్టర్ చేత రాయించుకోండి. మాకు ఆ ఒక్క లైను ఉంటే చూసే తీరే మారుతుంది.

సీటీ నార్మల్ వచ్చినా ఎంఆర్ఐలో కనపడేవాళ్లు ఉన్నారు. అమెరికాలో ట్రాక్-టీబీఐ అనే అధ్యయనం మొదటి దశ ఫలితాలు 2013లో వచ్చాయి. తేలికపాటి దెబ్బ తగిలి సీటీ నార్మల్‌గా ఉన్నవాళ్లలో 27 శాతం మందికి ఎంఆర్ఐలో ఏదో ఒక మార్పు కనపడింది. ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. వాళ్లకి స్కాన్ తీసింది దెబ్బ తగిలిన సుమారు రెండు వారాలకి. మీకు ఐదు నెలలైంది, వాపులాంటిది ఉండి ఉంటే ఈపాటికి పోయి ఉంటుంది. పైగా మిగతా 73 శాతం మందికి ఎంఆర్ఐ కూడా నార్మలే. వాళ్లలోనూ తలనొప్పి ఉన్నవాళ్లు ఉంటారు. చుక్క కనపడి నొప్పి లేనివాళ్లూ ఉంటారు. ఫలానా చుక్క వల్లే ఫలానా నొప్పి అని ముడిపెట్టే వీలు చాలాసార్లు ఉండదు.

ఇక డీటీఐ. మీ గోదావరి జిల్లా కాలువలతోనే చెప్తాను. గట్లు గట్టిగా ఉంటే నీళ్లు కాలువ వెంబడే పోతాయి. గట్టు తెగితే నాలుగు పక్కలకీ పారతాయి. మెదడులో నరాల పోగుల వెంట నీటి అణువులు కదిలేదీ అలాగే. ఎంత మేరకు ఒకే దిక్కున కదులుతున్నాయో డీటీఐ కొలుస్తుంది. దెబ్బ తగిలిన యాభైమందినీ, తగలని యాభైమందినీ పక్కపక్కన పెట్టి సగటు చూస్తే తేడా దొరుకుతుంది. ఒక్క మనిషిని తెచ్చి పడుకోబెట్టి ఈమెకు దెబ్బ ఉందా లేదా చెప్పమంటే కష్టం. వయసుని బట్టి మారుతుంది, యంత్రాన్ని బట్టి మారుతుంది, నిద్రలేమి, పాత మైగ్రేన్ లాంటివి కూడా కలుస్తాయి. అమెరికాలో రేడియాలజీ నిపుణులే ఒక్కో రోగి విషయంలో మామూలు వైద్యానికి దీన్ని వాడేంత ఆధారం లేదని రాశారు. వీడియోలో రంగురంగుల పోగులు అందంగా కనపడతాయి, నాకూ ఇష్టమే. దాని కోసం మీరు అప్పు చేయొద్దు.

కరీంనగర్ తమ్ముడు చెప్పిన మచ్చల మాట నూటికి నూరుపాళ్లు నిజం. వెతకని చోట కూడా ఏదో ఒకటి దొరకడం ఎంఆర్ఐలో మామూలే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఏ బాధా లేని 2,000 మందికి, సగటు వయసు 63, మెదడు ఎంఆర్ఐ తీస్తే 7.2 శాతం మందిలో తమకే తెలియకుండా జరిగిన చిన్న స్ట్రోక్ గుర్తులు, 1.8 శాతం మందిలో రక్తనాళంలో ఉబ్బు, 1.6 శాతం మందిలో ప్రమాదం లేని గడ్డలు కనపడ్డాయి. 2007లో వచ్చింది ఇది. మీ వయసుకి అన్ని ఉండవు. అయినా ఏదో ఒకటి దొరికే అవకాశం ఉందని తెలుసుకుని రండి.

ఆలస్యం చేయకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సినవి మాత్రం ఉన్నాయి. నొప్పి రోజురోజుకీ పెరుగుతూ పోవడం, మత్తుగా పడి ఉండటం, పదే పదే వాంతులు, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, ఒకటి రెండుగా కనపడటం. ఇంకొకటి చాలామంది చెప్పరు: లేచి నిలబడితే నొప్పి విపరీతంగా పెరిగి, పడుకుంటే కాసేపట్లో తగ్గిపోవడం. మెదడు చుట్టూ ఉండే ద్రవం ఎక్కడో కారిపోతుంటే అలా అవుతుంది. దానికి ఎంఆర్ఐ వేరే పద్ధతిలో, కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీస్తారు. మీకు అలా ఉందేమో ఒకసారి గమనించి డాక్టర్‌కి చెప్పండి.

తీయించుకోవడమే ఖాయమైతే, తాళికి తగిలించిన పిన్నీసులు ముందురోజే తీసేయండి. బంగారాన్ని అయస్కాంతం లాగదు, పిన్నీసుని లాగుతుంది. అయినా నగలన్నీ బయటే పెట్టమంటాం. జడపిన్నులు, మెట్టెలు, గాజులు కూడా. ఒంట్లో ఎక్కడైనా రాడ్డు, క్లిప్పు ఉన్నా, గర్భం అనుమానం ఉన్నా గదిలోకి రాకముందే చెప్పండి. అరగంట లోపే అయిపోతుంది, కానీ చప్పుడు చాలా ఎక్కువ. మీరు శబ్దం పడట్లేదన్నారు కదా, చెవుల్లో దూది, పైన హెడ్‌ఫోన్ రెండూ ఇవ్వమని అడగండి. మొహమాటపడొద్దు.

బాపట్ల రిటైర్డ్

అమ్మా, మీ వయసు 36 కాబట్టి ఇది మీకు సరిపడకపోవచ్చు. ఇది చదివే పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను. మా అన్నయ్యగారికి 74. బాత్‌రూములో జారి గోడకి తల కొట్టుకుంది. గుండెకి స్టెంట్ వేసి ఉండటంతో రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ఆ రోజు సీటీ తీస్తే శుభ్రంగా ఉంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఐదు వారాల తర్వాత తల బరువుగా ఉందన్నారు. పేపరు చదువుతూ చదువుతూ నిద్రపోయేవారు. వయసు కదా అనుకున్నాం. ఒకరోజు ఎడమ కాలి చెప్పు జారిపోతున్నా ఆయనకి తెలియలేదు. మళ్లీ సీటీ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య పాత రక్తం చేరి మెదడుని నొక్కుతోంది. చిన్న రంధ్రం చేసి తీశారు. పది రోజుల్లో ఇంటికి వచ్చారు, ఇప్పుడు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుంటున్నారు.

మొదటి స్కాన్ ఆ రోజు సంగతే చెబుతుంది. అరవై దాటినవాళ్లు, పలచబడే మందులు వాడేవాళ్లు తర్వాత వారాల్లో ఏ మార్పు వచ్చినా మళ్లీ తీయించుకోవాల్సిందే. అప్పుడు 'మొన్ననే తీశాంగా' అనుకోవద్దు.

నెల్లూరు టు ఫీనిక్స్

టీచర్ గారూ, మాది నెల్లూరు, 11 ఏళ్లుగా అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉంటున్నాం. 2022లో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి కారు గుద్దింది. తల సీటుకి కొట్టుకుంది, అంతే. రక్తం చుక్క రాలేదు. ఏడాదిన్నర తలనొప్పితో గడిపాను. మీకు వచ్చిన అనుమానమే నాకూ వచ్చింది, నాకు నిజంగా నొప్పి ఉందా అని. ఆ మాట చదవగానే ఇది రాయకుండా ఉండలేకపోయాను.

మీ నొప్పికి పేరుంది. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణలో స్పష్టంగా రాసి ఉంది: దెబ్బ తగిలిన 7 రోజుల్లోపు మొదలై, 3 నెలలు దాటి కొనసాగితే అది గాయం తర్వాతి దీర్ఘకాలిక తలనొప్పి. స్కాన్‌లో ఏదో కనపడాలనే షరతు అందులో లేదు. తేలికపాటి గాయం అనే మాట కూడా మొదటి గంటల్లో స్పృహ, మరపు ఎలా ఉన్నాయో చూసి పెట్టేది. తర్వాత నొప్పి తేలికగా ఉంటుందని దానర్థం కాదు. ఇది మీ వారికి కూడా చదివి వినిపించండి.

మా ఊళ్లో మేయో క్లినిక్ ఉంది. అక్కడ టాడ్ ష్వెట్, కేథరిన్ చాంగ్ బృందం చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. గాయం తర్వాతి తలనొప్పి ఉన్నవాళ్ల మెదడు ఎంఆర్ఐలని మైగ్రేన్ ఉన్నవాళ్లతో, ఏ నొప్పీ లేనివాళ్లతో పోల్చి చూస్తే, నొప్పిని గ్రహించే ప్రాంతాల్లో తేడాలు దొరికాయి. ఈ రెండు నొప్పులూ పైకి ఒకేలా ఉన్నా మెదడులో పూర్తిగా ఒకటి కాదని వాళ్లు 2017లో రాశారు. 2023లో అదే చోట నుంచి ఇంకొకటి వచ్చింది. తలకు తేలికపాటి దెబ్బ తగిలి తలనొప్పి ఉన్న 60 మందిని, దెబ్బ తగలని 60 మందితో పోల్చారు. దెబ్బ తగిలినవాళ్లలో కొన్నిచోట్ల ఐరన్ ఎక్కువగా పేరుకున్నట్టు కనపడింది. నొప్పి తరచుగా వచ్చేవాళ్లలో అది ఇంకా ఎక్కువ. అది ఐరన్‌ని నేరుగా కొలిచే పద్ధతి కాదని, వేరే కారణాలు కూడా ఉండొచ్చని వాళ్లే చెప్పారు. విశాఖ అన్నగారు చెప్పినట్టు ఇవన్నీ గుంపుల లెక్కలు. మన ఒక్కరి రిపోర్టులో ఇవేవీ రావు. కానీ నాకు అవి చదివాక గుండె దిటవైంది. నా రిపోర్టులో నార్మల్ అని ఉన్నా, నాలాంటివాళ్లందరినీ కలిపి చూస్తే ఏదో ఉంది.

ఇంకో ముఖ్యమైన మాట, మీ మాత్రల గురించి. నా న్యూరాలజిస్టు స్కాన్ గురించి అడగకముందే "నెలకి ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు" అని అడిగింది. ఒంటి పారాసెటమాల్ అయితే నెలకి 15 రోజులు, కెఫీన్‌లాంటివి కలిసినదైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రే తలనొప్పిని నిలబెడుతుంది. మీరు రోజూ వేసుకుంటున్నానన్నారు. మీ నొప్పిలో ఎంత భాగం దెబ్బది, ఎంత భాగం మాత్రది అన్నది ఏ స్కానూ చెప్పదు. ఒక నోటు పుస్తకం పెట్టి రాయండి: నొప్పి వచ్చిన తేదీ, ఎటువైపు, కొట్టుకునేదా బిగబట్టినట్టు ఉండేదా, వెలుతురు పడిందా, వాంతి వచ్చినట్టుందా, మాత్ర వేసుకున్నారా. నాకు 6 వేల డాలర్ల బిల్లు వేసిన ఎంఆర్ఐ కంటే ఆ పుస్తకమే మందు ఏదో తేల్చింది. మెడ కూడా పరీక్షించమని అడగండి, మీ నొప్పి అక్కడినుంచే మొదలవుతోందన్నారు కదా.

మండపేట టీచర్

అందరికీ చాలా ఆలస్యంగా రాస్తున్నాను, మూడు నెలలైంది. మీ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. నెల్లూరు చెల్లి రాసింది రెండుసార్లు చదవమన్నారు. తర్వాత ఏమీ అనకుండా లేచి టీ పెట్టుకొచ్చారు.

పుస్తకం పెట్టాను. మొదటి 30 రోజుల్లో 22 రోజులు నొప్పి, 19 రోజులు మాత్ర. అంకెల్లో చూస్తే నాకే భయం వేసింది. ఆ పుస్తకం పట్టుకుని కాకినాడలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆవిడ అరగంట కూర్చోబెట్టి అడిగారు. కనుమ రోజు ఏం గుర్తుంది, ఏం గుర్తులేదు అన్న దగ్గర నుంచి. మెడ వెనక పుర్రె అంచు దగ్గర వేలితో నొక్కారు. నొప్పి సూటిగా కుడి కణతలోకి వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇదేనా?" అన్నారు. ఇదేనండీ అన్నాను. ఆరు నెలల్లో నా నొప్పి ఇంకొకరి చేతికి అందడం అదే మొదటిసారి.

ఎంఆర్ఐ రాశారు. నేను అడిగినందుకు కాదు. మరపు వచ్చింది కాబట్టి, మధ్యలో పేర్లు తప్పు చదివాను కాబట్టి, ఒక్కసారి చూసి పక్కన పెడదామన్నారు. ముందే చెప్పారు: "తొంభై పాళ్లు నార్మల్ అనే వస్తుంది. ఒకటో రెండో చుక్కలు వచ్చినా మందు మారదు. వేరే జబ్బు ఏదీ లేదని తెలుసుకోవడానికే ఇది." చీటీ మీద ఎస్‌డబ్ల్యూఐ అని ఆవిడే రాశారు. విశాఖ అన్నగారూ, పిన్నీసులు మూడు తీసి వెళ్లాను. దూది, హెడ్‌ఫోన్ రెండూ అడిగాను, ఇచ్చారు. అయినా ఆ చప్పుడుకి ఆ రోజంతా పడుకున్నాను.

నార్మల్ వచ్చింది. కవరు నేను తెరవలేదు, ఆవిడ ముందే తెరిచాం. ఏప్రిల్‌లో అదే మాట విన్నప్పుడు బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఈసారి ఆవిడ ఆ మాట చదివి, ఫైలు మూసి, "ఇప్పుడు మీ తలనొప్పి సంగతి చూద్దాం" అన్నారు.

మైగ్రేన్ తరహా నొప్పి, దానికి మెడ తోడైంది, మాత్రలు తోడయ్యాయి అన్నారు. షాపు మాత్ర పూర్తిగా ఆపించారు. మొదటి ఎనిమిది రోజులు నరకం, అబద్ధం చెప్పను. రెండు రోజులు సెలవు పెట్టాను. తలనొప్పి రాకుండా ఆపడానికి రాత్రిపూట వేసుకునే అమిట్రిప్టిలిన్ అనే మాత్ర 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. మెడకి ఫిజియోథెరపీ, వారానికి రెండుసార్లు. పొద్దున్నే కాలువ గట్టు మీద నడవమన్నారు. మొదటివారం పది నిమిషాలే, నొప్పి బాగా పెరిగితే ఆగి, మర్నాడు మళ్లీ. పూర్తిగా పడుకుని ఉండటం వల్ల మేలు లేదని, దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులకే విశ్రాంతి సరిపోతుందని చెప్పారు. నేను ఫిబ్రవరి నెలంతా చీకటి గదిలో పడుకున్నాను.

పోయిన నెల 30 రోజుల్లో 13 రోజులు నొప్పి. పుస్తకంలో రాసిందే చెప్తున్నాను. హెడ్ మాస్టారితో మాట్లాడి మూడు నెలలపాటు ఒకటో తరగతి బదులు ఐదో తరగతి తీసుకున్నాను, వాళ్లు లోపల చదువుకుంటారు. ఎక్కాల దగ్గరికి ఇంకా వెళ్లలేదు.

కరీంనగర్ స్పేర్ పార్ట్స్

చాలా సంతోషం అక్కా. ఆ రాత్రి గోలీ నాకు కూడా ఇచ్చిండ్రు. పొద్దున పది గంటల దాకా మత్తు ఉండేది, షాపు తెరవలేకపోయేటోణ్ని, అందుకే మధ్యలో మానేసిన. మీకు అట్ల లేదా? మీరు బడికి ఎనిమిదిన్నరకే పోవాలె కదా.

మండపేట టీచర్

ఉండేది తమ్ముడూ. పడుకునేముందు పదిన్నరకి వేసుకునేదాన్ని, పొద్దున్న కళ్లు తెరుచుకునేవి కావు. ఫోన్ చేసి అడిగితే రాత్రి ఎనిమిదింటికే, అన్నం తినగానే వేసుకోమన్నారు. నాలుగు రోజుల్లో సర్దుకుంది. నోరు మాత్రం ఎండిపోతుంది, బల్ల మీద నీళ్ల సీసా పెట్టుకుంటున్నాను. మీరు మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే మీ డాక్టర్‌ని అడిగి, మీ బీపీ మందు పేరు కూడా చెప్పి మొదలుపెట్టండి.